రాత్రికి రాత్రే చెరిగిపోతున్న తెలుగు

సిరుగుప్ప తాలూకాలోని ఒక పల్లె బడికి ఈ మధ్య వెళ్లవలసి వచ్చింది. తెలుగు మాధ్యమం తరగతులున్న బడి. దాని పేరు చెప్పను. చెప్పవలసిన అవసరమూ లేదు, ఎందుకంటే నేను చూసినది ఆ ఒక్క బడి తప్పు కాదు. సరిహద్దు జిల్లాల్లో కంప్యూటరు గది ఉన్న ఏ బడిలోనైనా జరగగల సంగతి అది.

ఆ గదిలో పది యంత్రాలున్నాయి. ఎనిమిదో తరగతికి వారానికి ఒక్క పీరియడు, 40 నిమిషాలు. ఒక్కో యంత్రం ముందు ముగ్గురు పిల్లలు. ఒక అమ్మాయి తెర కింది మూలనున్న భాష గుర్తును నొక్కి చూసింది, మళ్లీ నొక్కి చూసింది, తర్వాత నా వైపు తిరిగి, "పోయిన వారం తెలుగు పెట్టిపోయినాం గద సార్, ఈ పొద్దు చూస్తే మళ్లా లేదు" అన్నది. పక్కనున్న పిల్లవాడు నవ్వుతూ, "దానికి రాత్రయితే అన్నీ మరుపే సార్" అన్నాడు. పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఇంటికి తిరిగి వస్తున్న దారి పొడుగునా ఆ మాట నన్ను వదలలేదు.

తెలుగు కీబోర్డును చేర్చుకోవడం, అక్షరాల అమరికను ఎంచుకోవడం, రాసే ప్రోగ్రామును తెలుగు అక్షర రూపానికి మార్చుకోవడం, ఇవన్నీ తెలిసిన పిల్లలకైనా పది నిమిషాల పని. నలభైలో పది పోతే మిగిలేవి ముప్పై. వాటిని ముగ్గురు పంచుకోవాలి. వచ్చే వారం మళ్లీ మొదటి నుండి. ఇలా నాలుగైదు వారాలు ఓపిక పట్టిన పిల్లలు ఆ తర్వాత తెలుగు పెట్టుకోవడమే మానుకున్నారు. యంత్రం తెరవగానే ఏ భాష ఎదురైతే ఆ భాషలోనే పని కానిచ్చుకుంటున్నారు. వారిని తప్పు పట్టగలమా?

ప్రధానోపాధ్యాయులు మంచివారు. దాపరికం లేకుండా పైఅధికారులకు పంపిన నివేదిక నకలు చూపించారు. అందులో మా ఉద్యమానికి సంబంధించిన అంశం ఎదుట రెండు వాక్యాలున్నాయి. తెలుగు టైపు చేసే సౌకర్యం కల్పించబడినదని మొదటి వాక్యం. విద్యార్థులు దానిని ఉపయోగించుకొనుట లేదని రెండో వాక్యం. న్యాయవాద వృత్తిలో ఇన్నేళ్లుగా కాగితాలు చదువుతున్నవాణ్ణి. ఆ రెండు వాక్యాల మధ్య ఒక మూడో వాక్యం రాయబడకుండా మిగిలిపోయింది. కల్పించిన సౌకర్యం ప్రతి రాత్రీ చెరిగిపోతున్నదనేది ఆ మూడో వాక్యం.

ఇంత చిన్న విషయానికి సంపాదకీయమా అని పాఠకులు అడగవచ్చు. నదీజలాలు, ఉద్యోగాలు, బడుల మూసివేత వంటి పెద్ద సమస్యలుండగా కంప్యూటరు తెర మీది అమరికల గురించి మాట్లాడడమేమిటని అనవచ్చు. అందుకు నా సమాధానం ఒక్కటే. భాషా అల్పసంఖ్యాకుల హక్కులు మన దేశంలో చాలావరకు లెక్కల మీద ఆధారపడి నిలుస్తాయి. 1949లో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక ప్రమాణాన్ని నిర్ణయించింది. బడి మొత్తం మీద 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఒక మాతృభాష పిల్లలుంటే ఆ భాషలో ప్రాథమిక బోధన ఏర్పాటు చేయాలన్నది దాని సారాంశం. 1956లో కేంద్రప్రభుత్వం సిద్ధం చేసిన భాషా రక్షణల పత్రం మరికొన్ని ప్రమాణాలు చెప్పింది. ఒక జిల్లాలో నూటికి 15 నుండి 20 వరకు అల్పసంఖ్యాక భాష మాట్లాడేవారుంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు ఆ భాషలో కూడా ప్రచురించడం మేలని అందులో ఉన్నది.

అంటే ఎంతమంది ఉన్నారు, ఎంతమంది అడుగుతున్నారు, ఎంతమంది వాడుతున్నారు అనే మూడు ప్రశ్నల చుట్టూ మన హక్కులు తిరుగుతున్నాయి. మొదటి ప్రశ్నకు జనగణన సమాధానం చెబుతుంది. రెండోదానికి మన అర్జీలు చెబుతాయి. మూడోదానికి నేడు యంత్రాలు సమాధానం చెప్పడం మొదలుపెట్టాయి. మన పిల్ల పెట్టుకున్న తెలుగును యంత్రం గుర్తుంచుకోకపోతే, ఆ మరుపు కొన్ని నెలల్లోనే 'గిరాకీ లేదు' అనే అంకెగా మారి దస్త్రంలోకి ఎక్కుతుంది. దస్త్రంలోకి ఎక్కిన అంకెను మళ్లీ కిందికి దించడం ఎంత కష్టమో తాలూకా కచేరీల చుట్టూ తిరిగిన మీకు నేను చెప్పనక్కరలేదు.

కనుక యంత్రం ఎలా గుర్తుంచుకుంటుందో, ఎందుకు మరచిపోతుందో మనం తెలుసుకోవాలి. తెలియనిదాన్ని అడగలేము. నేను సాంకేతిక నిపుణుణ్ణి కాను. తెలిసినవారి దగ్గర కూర్చుని నేర్చుకున్నదాన్ని మన ఇళ్లలో అర్థమయ్యే మాటల్లో చెబుతున్నాను.

మనం కంప్యూటరులో ఒక ప్రోగ్రామును తెరిచి పని చేసి మూసినప్పుడు మూడు రకాల సంగతులు భద్రపడవలసి ఉంటుంది. మొదటిది మనం రాసిన దస్తావేజు. ఇది అందరికీ తెలిసినదే. రెండోది ఆ సమయానికి తెర మీద ఉన్న పరిస్థితి, అంటే ఏ కిటికీ ఎక్కడ తెరిచి ఉన్నది, ఎంత పెద్దదిగా ఉన్నది, ఏ పుట దగ్గర ఆగామనేది. మూడోది మన అభిరుచులు. ఏ భాషలో పట్టికలు కనిపించాలి, ఏ కీబోర్డు కావాలి, అక్షరం ఎంత లావుగా ఉండాలి, ఏ పనిముట్లు పైవరుసలో ఉండాలి అన్నవి ఇందులోకి వస్తాయి. మొదటిదాన్ని మనమే భద్రపరుస్తాం. మిగిలిన రెండింటినీ ప్రోగ్రాము తనంతట తానే రాసిపెట్టుకుని, మళ్లీ తెరిచినప్పుడు యథాస్థానానికి తేవాలి. పొలం నుండి వచ్చిన రైతు కొడవలిని చూరులో ఎక్కడ దోపితే మర్నాడు అక్కడే దొరకాలి కదా. ఇదీ అంతే.

ఈ జ్ఞాపకం విలువ కరెంటు కోతలు తెలిసిన మన జిల్లాకు వేరే చెప్పాలా? 2006లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ రెండో కూర్పులో, హఠాత్తుగా యంత్రం ఆగిపోయినా అంతకుముందు తెరిచి ఉంచిన పుటలన్నీ మళ్లీ తెరుచుకునే ఏర్పాటు చేర్చారు. రాత ప్రోగ్రాములు పది నిమిషాలకోసారి మన రాతను తమంతట తాము దాచుకునే ఏర్పాటూ ఉన్నది. మనిషి చేసిన శ్రమను యంత్రం వృథా పోనివ్వరాదనే సూత్రం వీటన్నింటి వెనుకా ఉన్నది. భాష ఎంపిక కూడా అలాంటి శ్రమే.

మరి ఈ అభిరుచులు ఎక్కడ దాగుతాయి? విండోస్ యంత్రాల్లో ప్రతి వాడుకరికి ఒక ఖాతా ఉంటుంది. ఆ ఖాతా సంచిలో ఎన్‌టీయూజర్ అనే ఒక దస్త్రం ఉంటుంది. ఆ వాడుకరి భాష, కీబోర్డు, తెర అమరికలు చాలావరకు అందులో నమోదవుతాయి. లినక్స్ యంత్రాల్లో వాడుకరి ఇంటిసంచిలోనే దాగి ఉండే కొన్ని సంచుల్లో ఇవి ఉంటాయి. గమనించవలసిన సంగతి ఏమిటంటే, రెండుచోట్లా జ్ఞాపకం యంత్రానికి చెందినది కాదు, మనిషికి చెందినది. ఒకే యంత్రం మీద పదిమందికి పది ఖాతాలుంటే పదిమందికీ పది అమరికలు ఉండగలవు. ఒకరిది మరొకరికి అడ్డు రాదు.

అయితే బడుల్లో జరుగుతున్నదేమిటి? పిల్లలందరికీ కలిపి ఒకే ఖాతా పెడతారు. నిన్నటి తరగతి మార్చినదాన్ని నేటి తరగతి చెరుపుతుంది. ఇది మొదటి కారణం. రెండోది మరింత ఆలోచించదగినది. విండోస్‌లో 'మాండేటరీ ప్రొఫైల్' అనే పద్ధతి ఒకటున్నది. తప్పనిసరి ఖాతా అని తెలుగు చేసుకోవచ్చు. ఆ ఖాతాలో కూర్చున్నంతసేపు మీరు దేన్నయినా మార్చుకోవచ్చు. భాష మార్చుకోవచ్చు, రంగు మార్చుకోవచ్చు. కాని మీరు లేచి వెళ్లగానే అదంతా పారేయబడుతుంది. తర్వాత వచ్చినవారికి అధికారి నిర్ణయించిన అమరికే మళ్లీ కనిపిస్తుంది. మూడో కారణం, యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టగానే మొత్తం డిస్కును పాత స్థితికి తెచ్చే ప్రోగ్రాములు. ఇంటర్నెట్ కేంద్రాల్లోనూ, బడుల్లోనూ వీటిని వాడుతుంటారు.

ఈ పద్ధతులను పెట్టినవారి మీద నాకు కోపం లేదు. పిల్లల చేతిలో యంత్రాలు పాడు కాకుండా, వైరసులు పేరుకోకుండా ఉండడానికి ఇవి పనికివస్తాయి. ఒక్క ఉపాధ్యాయుడు పది యంత్రాలను కాపాడవలసిన బడిలో అది న్యాయమైన అవసరమే. నా ప్రశ్న వేరు. రోజూ తిరిగివచ్చే ఆ 'పాత స్థితి'ని నిర్ణయించినదెవరు? ఆ మూల అమరికను తయారు చేసిన రోజున అందులో తెలుగును ఎందుకు చేర్చలేదు? తెలుగు మాధ్యమం పిల్లలు కూర్చునే గదిలో యంత్రం ప్రతి ఉదయం తెలుగు లేని స్థితికి తిరిగి వెళుతున్నదంటే, పిల్లల పట్ల ఎవరికీ ద్వేషం లేకపోయినా ఫలితం ద్వేషం చేసే పనే చేస్తున్నది.

తప్పనిసరి ఖాతా గురించి మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. మన చరిత్ర గుర్తుకు వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడిననాడు ఉమ్మడి బళ్ళారి జిల్లా నుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. బళ్ళారి తాలూకా విషయాన్ని పరిశీలించిన న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రా సిఫారసు మేరకు అది మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆ తీర్పును ఇప్పుడు తిరగదోడడం మన ఉద్యమం ఉద్దేశం కాదు. హద్దు గీత ఎక్కడ పడినా, గీతకు ఇవతల మిగిలినవారి నుడిని కాపాడతామని ఆనాటి పెద్దలు మాట ఇచ్చారు. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో 350ఎ, 350బి అధికరణాలను చేర్చారు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, స్థానిక సంస్థలూ ప్రయత్నించాలని మొదటిది చెబుతుంది. భాషా అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేకాధికారిని రెండోది ఏర్పాటు చేస్తుంది.

మాట భద్రపరచబడింది. కాని ప్రతి విద్యాసంవత్సరం తెరుచుకున్నప్పుడు ఆ మాట మళ్లీ తెర మీదికి వస్తున్నదా? ఉపాధ్యాయ ఖాళీలు నింపమని ఏటా అడగాలి. పాఠ్యపుస్తకాల కోసం ఏటా అడగాలి. కొత్త అధికారి వచ్చిన ప్రతిసారీ మనం ఎవరమో, ఎందుకు ఇక్కడున్నామో మొదటి నుండి చెప్పుకోవాలి. భద్రపరచడం ఒక పని, తిరిగి నెలకొల్పడం మరొక పని. రెండోది జరగకపోతే మొదటిదానికి విలువ లేదు. ఎనిమిదో తరగతి అమ్మాయి చెప్పినదీ అదే.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ బడి నుండి వచ్చిన మర్నాడు నా ఆఫీసు కంప్యూటరు ముందు కూర్చున్నాను. దాని మీద నేనూ, మా గుమాస్తా, ఇద్దరు జూనియర్లూ పని చేస్తాం. కోర్టు కాగితాలు ఎక్కువగా కన్నడంలోను, ఇంగ్లీషులోను ఉంటాయి కనుక యంత్రం ఎప్పుడూ ఆ రెండు భాషల్లోనే ఉంటుంది. ఈ పత్రికకు రాయవలసి వచ్చినప్పుడల్లా నేను తెలుగు పెట్టుకుంటాను, లేచాక గుమాస్తా దాన్ని తీసేస్తాడు. ఇది ఏళ్ల తరబడి సాగుతున్నది. నలుగురికీ ఒకే ఖాతా. భాషాహక్కుల గురించి సభల్లో మాట్లాడే నేను నా గదిలోనే తెలుగుకు ఒక శాశ్వతమైన చోటు కల్పించలేదు. ఆ సాయంత్రమే నాలుగు ఖాతాలు పెట్టించాను. అరగంట పట్టింది. పైసా ఖర్చు కాలేదు. ఇప్పుడు గుమాస్తాకు ఆయన కన్నడం తెరుచుకుంటుంది, నాకు నా తెలుగు తెరుచుకుంటుంది. ఆయన వచ్చి, "సార్, ఇన్ని దినాలు మీది నేను, నాది మీరు చెరుపుకుంటా కూర్చున్నాం గదా" అన్నాడు.

ఆ మాటలో మన ఉద్యమానికి పనికివచ్చే సత్యమున్నది. మనం కన్నడానికి వ్యతిరేకులమని ప్రచారం చేసేవారు కొందరున్నారు. బళ్ళారిలో పుట్టి పెరిగిన తెలుగువాడు కన్నడం మాట్లాడకుండా ఒక్క రోజు గడపడు. ఈ నేల భాషను నేర్చుకోవడం మన ధర్మం, మన అవసరం కూడా. ఈ ఊళ్లోనే తెలుగు నాటకానికి ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు ప్రాణం పోశారు. బళ్ళారి రాఘవ ఇక్కడి రంగస్థలం మీదనే ఎదిగారు. ఒకే ఊరు రెండు భాషలకూ వేదిక కాగలదని వారు చూపించారు. ఒకే యంత్రం కూడా కాగలదు. నా ఖాతాలో తెలుగు ఉన్నందువల్ల పక్క ఖాతాలోని కన్నడానికి ఒక్క అక్షరం కూడా తరగదు.

పైగా కన్నడిగుల నుండి మనం నేర్చుకోవలసినది చాలా ఉన్నది. కన్నడ గణక పరిషత్తు తయారు చేసిన 'నుడి' ప్రోగ్రామును కర్ణాటక ప్రభుత్వం ఆదరించి కార్యాలయాల్లో వాడుకలోకి తెచ్చింది. 2000 సంవత్సరం ప్రాంతంలో మొదలైన 'భూమి' పథకం కింద రైతుల పహణీలు కంప్యూటరులోకి ఎక్కి, తాలూకా కేంద్రంలో కన్నడంలోనే అచ్చయి చేతికి రావడం మనం చూశాం. ఒక భాష యంత్రంలో నిలవాలంటే అభిమానం మాత్రమే చాలదు, పాలకుల నిర్ణయం, మూల అమరికలో చోటు కావాలని ఆ అనుభవం చెబుతున్నది. మరొక సంగతి. భారతీయ భాషలన్నిటికీ కలిపి రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో కన్నడ 'క' ఏ మీట మీద ఉన్నదో తెలుగు 'క' కూడా అదే మీట మీద ఉన్నది. బడిలో కన్నడం టైపు నేర్చుకున్న మన బిడ్డకు తెలుగు టైపు సగానికి పైగా వచ్చినట్టే. ఒకటి నేర్పితే రెండోది కలిసివచ్చే ఈ వరాన్ని మన బడులు వాడుకోకపోవడం విచారకరం.

ప్రోగ్రాములు తయారు చేసేవారికి కూడా రెండు మాటలు చెప్పాలి. మన పిల్లల్లో ఎందరో నేడు బెంగుళూరులో, హైదరాబాదులో ఆ పనిలోనే ఉన్నారు కనుక ఈ మాటలు వారికి చేరుతాయని నమ్ముతున్నాను. అయ్యలారా, అమ్మలారా, వాడుకరి వదిలివెళ్లిన తెరను భద్రపరిచేటప్పుడు పట్టికల పేర్లను పైకి కనిపించే మాటలతో గుర్తుపెట్టుకోకండి. ఇంగ్లీషులో ఒక పేరుతో దాచి, తెలుగులోకి మారాక అదే పేరు కోసం వెతికితే యంత్రానికి ఏమీ దొరకదు. మాట మారినా మారని ఒక లోపలి గుర్తుతో దాచండి. అలాగే ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచిన గడిని అదే కొలతతో తిరిగి తెరిస్తే మన అక్షరానికి కింద వచ్చే వత్తు తెగిపోతుంది. వత్తు తెగిన మాట చదివే పిల్లవాడికి తప్పు యంత్రానిదని తెలియదు. తన భాషే సరిగా లేదనుకుంటాడు. ఊరి పేరు చూసి భాషను నిర్ణయించడం కూడా మానండి. బళ్ళారి అనగానే కన్నడం, అనంతపురం అనగానే తెలుగు అనుకుంటే, గీతకు ఇటు ఉన్న మేమూ, అటు ఉన్న కన్నడ కుటుంబాలూ ఇద్దరమూ నష్టపోతాం. వాడుకరిని అడగండి. ఒక్కసారి అడగండి. చెప్పినది గుర్తుంచుకోండి.

కొన్ని మార్పులు మంచి ఉద్దేశంతో వచ్చినా మనవంటివారిని ఇబ్బంది పెడతాయి. 2012లో వచ్చిన విండోస్ 8కు ముందు ఒక్కో కిటికీకి ఒక్కో కీబోర్డు భాష వేరుగా నిలిచేది. విండోస్ 8 నుండి ఒకచోట భాష మారిస్తే అన్ని కిటికీల్లోనూ మారడం మామూలు పద్ధతి అయింది. ఒక భాషలోనే పని చేసేవారికి ఇది సుఖమే. ఒక కిటికీలో కన్నడ ఆర్డరును, మరొక కిటికీలో తెలుగు అర్జీని పెట్టుకుని పని చేసే మనకు పాత పద్ధతే మేలు. దాన్ని తిరిగి తెచ్చుకునే వీలు సెట్టింగులలో ఇచ్చారు. ఒక్కో కిటికీకి వేరే కీబోర్డు అనే గడిలో గుర్తు పెడితే చాలు. కాని అలాంటి గడి ఒకటి ఉన్నదని ఎందరికి తెలుసు?

ఇక రాతల సంగతి. తెర అమరిక ఎంత చక్కగా తిరిగివచ్చినా లోపలి రాత చెదిరిపోతే ప్రయోజనం లేదు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానం దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే తెలుగు అక్షర రూపంతోనే వచ్చింది. అయినా చాలాకాలం మనం అచ్చుపనికి పాత పద్ధతి ఫాంట్లనే వాడాం. ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ రాత పిచ్చిగీతలుగా కనిపిస్తుంది. మా ఉద్యమం పాత అర్జీలలో కొన్నింటిని నేడు తెరిస్తే ఒక్క ముక్క అర్థం కావడం లేదు. అక్షరాలు పోలేదు, వాటిని తిరిగి చూపే తాళంచెవి పోయింది. ఇళ్లలో, సంఘాల్లో అలాంటి దస్త్రాలున్నవారు ఆ యంత్రాలు మూలపడకముందే వాటిని యూనికోడులోకి మార్పించుకోవాలని నా విన్నపం. కనీసం ఒక్కో కాగితపు ప్రతి తీసి ఉంచుకోండి.

మరి మనం చేయవలసినదేమిటి? ఇంట్లో కంప్యూటరు ఉన్నవారు ముందుగా పిల్లలకు వేరే ఖాతా పెట్టండి. ఆ ఖాతాలో తెలుగు కీబోర్డును చేర్చండి. లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్ వంటి ఉచిత ప్రోగ్రాములకు తెలుగు రూపాలున్నాయి. వాటిని అలవాటు చేయండి. లిబ్రెఆఫీస్‌లో భాషల పుటకు వెళ్లి, సంక్లిష్ట లిపుల వరుసలో తెలుగును ఎంచి ఉంచండి. ఒకసారి ఎంచితే ఆ ఖాతాలో అది నిలిచిపోతుంది. అవ్వకు, తాతకు పిల్లలచేత వారానికొక ఉత్తరం తెలుగులో రాయించండి.

తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కులతో పాటు ఈ ఒక్క ప్రశ్న అడగండి. కంప్యూటరు గదిలో యంత్రం తెరవగానే తెలుగు కీబోర్డు సిద్ధంగా ఉంటున్నదా? లేదంటే గొడవపడకండి. అర్జీ రాయండి. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం కేంద్రంలోగాని, రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం సమర్పించే హక్కు ప్రతి వ్యక్తికీ ఉన్నది. తెలుగులోనే రాయండి, వీలైతే కన్నడ అనువాదాన్ని జతపరచండి. అధికారికి పని సులభం చేయడం మన మర్యాద. అర్జీలో కోపం కంటే వివరం ముఖ్యం. ఎందరు పిల్లలు, ఎన్ని యంత్రాలు, వారానికి ఎన్ని నిమిషాలు, వాటిలో ఎన్ని నిమిషాలు భాష పెట్టుకోవడానికే పోతున్నాయో రాయండి. తేదీ వేసి నకలు మీద ముద్ర వేయించుకోండి.

ఉద్యమం తరఫున మేము చేయబోయేది కూడా చెబుతాను. సిరుగుప్ప, కంప్లి, కురుగోడు, బళ్ళారి, సండూరు తాలూకాల్లో తెలుగు పిల్లలు చదివే ఉన్నత పాఠశాలల్లో ఎన్నింటి యంత్రాల మూల అమరికలో తెలుగు ఉన్నదో తెలుపమని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు వేస్తాం. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలని చట్టం చెబుతున్నది. ఆ సమాధానాలను జతపరిచి జిల్లా విద్యాశాఖకు, ఆపైన భాషా అల్పసంఖ్యాకుల ప్రత్యేకాధికారికి నివేదిక పంపుతాం. మేము అడగబోయేది కొత్త యంత్రాలను కాదు, కొత్త నిధులను కాదు. యంత్రం ప్రతి ఉదయం ఏ స్థితికి తిరిగి వస్తుందో ఆ స్థితిలో కన్నడం, ఇంగ్లీషులతో పాటు తెలుగునూ ఉంచమని అడుగుతాం. పిల్లల రాతలు చెరిగిపోని ఒక సంచిని ప్రతి యంత్రంలో విడిగా ఉంచమని అడుగుతాం. రక్షణ ప్రోగ్రాములున్నచోట కూడా ఇలాంటి మినహాయింపు పెట్టవచ్చునని నిపుణులు చెబుతున్నారు. చివరిగా, తెలుగు వాడుక తక్కువగా ఉన్నదని రాసే ప్రతి నివేదికలోనూ, తెలుగు నిలిచి ఉండే ఏర్పాటు ఆ బడిలో ఉన్నదో లేదో కూడా రాయమని అడుగుతాం. ఆ మూడో వాక్యం లేని లెక్కను ఒప్పుకోబోమని చెబుతాం.

చట్టం చదివినవాడిగా నాకు ఒక విషయం తెలుసు. ప్రజలు హక్కును ఒక్కసారిగా పోగొట్టుకోవడం అరుదు. రోజుకు పది నిమిషాల చొప్పున పోగొట్టుకుంటారు. ఏ రోజుకారోజు అది పోట్లాడదగినంత పెద్దదిగా కనిపించదు. ఒకనాటికి లెక్క చూసుకుంటే ఏమీ మిగలదు.

సిరుగుప్ప తాలూకా బడి ప్రధానోపాధ్యాయులకు ఇదంతా వివరించాను. ఆయన చాలాసేపు మౌనంగా విని, దసరా సెలవుల్లో యంత్రాలను సరిచేయడానికి మనిషి వస్తాడని, అప్పుడు మూల అమరికలోనే తెలుగును చేర్పిస్తానని మాట ఇచ్చారు. ఆయన మాట మీద నాకు నమ్మకమున్నది. అయినా సెలవుల తర్వాత మొదటి పీరియడుకు నేను మళ్లీ ఆ బడికి వెళతాను. ఆ అమ్మాయి యంత్రం తెరిచినప్పుడు తెర మీద ఏముంటుందో చూసి, వచ్చే సంచికలో మీకు చెబుతాను. ఈలోగా మీ ఊరి బడిలో ఏముంటున్నదో చూసి మీరు నాకు రాయండి.